పిడుగురాళ్ల నుంచి జీడిమెట్లకు: పాత బ్యాగ్ ఫిల్టర్ వెతుక్కుంటూ

పాత బ్యాగ్ ఫిల్టర్ కొనాలనుకునేవారు ముందుగా తమ మిల్లులో లేచే దుమ్మును కొలుచుకోవాలి. పల్నాడు జిల్లా పిడుగురాళ్లలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. సున్నపు బట్టీలు, ముగ్గు మిల్లులు ఉన్న వీధుల్లో రేకుల కప్పులూ వేపచెట్ల ఆకులూ ఒకే తెలుపులో ఉంటాయి. మిల్లులో మూటలు కుట్టే మనిషి కనురెప్పల మీదా అదే తెలుపు. ఆ దుమ్మును గాలిలోంచి గుడ్డ సంచులతో పట్టి ఆపే ఈ యంత్రాన్ని కొత్తది కొనే స్తోమత చిన్న మిల్లులకు తక్కువ. అందుకే యజమానుల చూపు హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో దొరికే పాత సరుకు మీదికి పోతుంది. ఆ దారి 200 కిలోమీటర్లు దాటుతుంది. సరైన లెక్కలు చేతిలో లేకుండా బయల్దేరితే తిరిగొచ్చే లారీలో ఇనుము ఉంటుంది కానీ దుమ్ము పట్టే యంత్రం ఉండదు.

కొలవాల్సినవి ఇవి: గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని లాగాలి, ఆ గాలి ఎంత వేడిగా ఉంటుంది, అందులో తేమ ఎంత, ఘనపు మీటరుకు ఎంత దుమ్ము, ఆ దుమ్ము రేణువు ఎంత సన్నం. వీటిలో వేడిని తక్కువగా అంచనా వేయడం తరచూ జరుగుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గర 20,000 ఘనపు మీటర్లు ఉన్న గాలి 120 డిగ్రీల దగ్గర దాదాపు 26,000 అవుతుంది. మొదటి లెక్కకు సరిపోయే ఫిల్టరు రెండో లెక్కకు చాలదు.

తేమ సంగతి పిడుగురాళ్లలో ఇంకా ముఖ్యం. ముగ్గు మిల్లులో రాయి పొడిగా నలుగుతుంది. గాలి కూడా పొడిగానే ఉంటుంది. దానికి మామూలు పాలిస్టర్ గుడ్డ చాలు, 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కాల్చిన సున్నం కథ వేరు. అది గాలిలోని తేమను పీల్చుకుని గుడ్డ మీదే గట్టిపడుతుంది. సున్నాన్ని నీటితో విరిచి పొడి చేసే చోట ఆవిరి కూడా తోడవుతుంది. వేడి, తేమ, క్షారం మూడూ కలిస్తే పాలిస్టర్ దారం చివికిపోతుంది. అక్కడ అక్రిలిక్ గుడ్డ మేలు. రాతిపొడీ సున్నమూ కంటికి ఒకేలా తెల్లగా ఉన్నా, గుడ్డకు రెండూ వేర్వేరు పదార్థాలు. ఈ తేడా రాసిపెట్టుకున్న కాగితమే కొనుగోలుదారు జేబులో ఉండాల్సిన అసలు డబ్బు.

పిడుగురాళ్ల నుంచి ఉత్తరానికి అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి పట్టుకుంటే దాచేపల్లి దాటాక కృష్ణ వస్తుంది. నదికి ఇవతల ఆంధ్రప్రదేశ్, అవతల తెలంగాణ. అవతలి ఒడ్డున వాడపల్లి. హైదరాబాద్ నడిమధ్యగా పారి వచ్చిన మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. నగరం తన నీటిలో వదిలిందంతా ఈ సంగమం దాకా వస్తుంది. నగరం తన ఫ్యాక్టరీల్లోంచి తీసేసిన యంత్రాలు కూడా ఇక్కడి వంతెన మీదుగానే పల్నాడుకు దిగుతాయి. నది దాటడంతో చట్టం మారదు, అధికారి మారతాడు. 1981 నాటి వాయు కాలుష్య నియంత్రణ చట్టం రెండు ఒడ్డులకూ ఒకటే. అనుమతులిచ్చే మండళ్లు మాత్రం వేరు. ఒక ఫిల్టరు తెలంగాణలో పదేళ్లు అనుమతితో నడిచి ఉండవచ్చు. ఆ అనుమతి ఫ్యాక్టరీకి ఇచ్చినది, ఆ యంత్రానికి కాదు. లారీలో దాని వెంట రాదు. కొత్త చోట బిగించాలంటే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి మొదటినుంచీ దరఖాస్తు చేసుకోవలసిందే.

వాడపల్లి దాటగానే దామరచర్ల. ఆ మండలంలోని వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఐదు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. బొగ్గు బూడిదను అక్కడ విద్యుత్తుతో పడతారు. పొగ వెళ్లే దారిలో తీగలకు వేల వోల్టుల కరెంటు ఇస్తే రేణువులకు విద్యుదావేశం వస్తుంది. పక్కనున్న ఇనుప పలకలు వాటిని లాక్కుంటాయి. సుత్తులు ఆ పలకలను కొడుతుంటే బూడిద కింది గరాటాల్లోకి రాలుతుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ 1908లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. దీన్నే ఈఎస్‌పీ అంటారు. పాత సామాన్ల యార్డుల్లో చిన్న ఈఎస్‌పీలు అప్పుడప్పుడు కనబడతాయి, ధరా ఊరిస్తుంది. చిన్న మిల్లువాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. దుమ్ముకు విద్యుత్ నిరోధం మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా ఈ యంత్రం పట్టుతప్పుతుంది. బొగ్గు బూడిదకని కట్టిన పెట్టె రాతిపొడికి పని చేస్తుందన్న భరోసా లేదు. పైగా దాని పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో పీసీబీలు అనే విష రసాయనాలు ఉండే ప్రమాదం ఉంది. వాటి వాడకాన్ని నియంత్రిస్తూ కేంద్రం 2016లో ఉత్తర్వు తెచ్చింది. నూనె పరీక్ష కాగితం లేని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంటికి తెచ్చుకోవడమంటే వేరొకరి విషాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడమే.

మిర్యాలగూడ వరి మిల్లుల ఊరు. అక్కడ కప్పుల మీద నిలబెట్టిన గరాటాల్లా కనిపించేవి సైక్లోన్లు. గాలి పక్కనుంచి దూసుకొచ్చి లోపల గిర్రున తిరుగుతుంది. బరువైన పొట్టు, తవుడు, బూడిద గోడలకు కొట్టుకుని కిందికి జారతాయి, గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు కాబట్టి పాతదైనా చెడేది తక్కువ. గోడ అరిగిందో లేదో, ముఖ్యంగా గాలి మొదట తాకే వంపులో, చూసుకుంటే సరిపోతుంది. అయితే సైక్లోన్ పట్టేది ముతక దుమ్మునే. పది మైక్రాన్ల కంటే సన్నని రేణువులు చాలావరకు దాని చేతుల్లోంచి జారిపోతాయి, ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేవి అవే. ముగ్గు మిల్లుకు సైక్లోన్ మాత్రమే అమ్మజూపేవారు సగం పనికి మొత్తం ధర అడుగుతున్నట్టే. బ్యాగ్ ఫిల్టరుకు ముందు దాన్ని పెడితే గుడ్డకు బరువు తగ్గుతుంది. దాని చోటు అదే.

నల్గొండ, నార్కెట్‌పల్లి మీదుగా విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్ వైపు వస్తే మందుల ఫ్యాక్టరీలు మొదలవుతాయి. అక్కడి గోడల వెనక నిలబడిన నిలువు గొట్టాలు స్క్రబ్బర్లు. ఆమ్లపు ఆవిరినీ ఘాటు వాయువులనూ నీటితో, క్షారపు ద్రావణంతో కడిగే యంత్రాలవి. ఎక్కువగా ఎఫ్‌ఆర్‌పీతో, అంటే నారలు కలిపిన ప్లాస్టిక్‌తో చేస్తారు. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన ఎఫ్‌ఆర్‌పీ పైపొర పొడిపొడిగా రాలుతుంది, నారలు బయటపడతాయి, నక్షత్రపు పగుళ్లు వస్తాయి. చేత్తో తడిమి చూస్తే తెలిసిపోతుంది. రాతి దుమ్ముకు ఇవి అక్కర్లేదు. సున్నానికి పెడితే లోపలంతా గార కడుతుంది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్‌తోపాటు ఈ దారిలోని నల్గొండ, దారి చివరనున్న పటాన్‌చెరు కూడా ఉన్నాయి. అంతకు పదేళ్ల ముందే, 2009లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టి 43 చోట్ల కాలుష్యం తీవ్రస్థాయిలో ఉందని తేల్చింది. పటాన్‌చెరు–బొల్లారం ఆ జాబితాలో ఉంది, విశాఖపట్నం కూడా ఉంది. పాత యంత్రాలు ఎక్కడ దొరుకుతాయో ఆ జాబితాలే చెబుతాయి. ఫ్యాక్టరీలు కిక్కిరిసిన చోటే మూతబడ్డ ఫ్యాక్టరీలూ ఉంటాయి. ఉత్పత్తి మార్చుకున్నవాళ్లు, పెద్ద ఫిల్టరు పెట్టుకుని చిన్నది తీసేసినవాళ్లు, బ్యాంకు తాళం వేసినవాళ్లు అక్కడే కనబడతారు.

ఔటర్ రింగు రోడ్డు మీదుగా పటాన్‌చెరు, అక్కడి నుంచి బొల్లారం, జీడిమెట్ల, బాలానగర్, ఫతేనగర్. ఈ వరసలో పాత యంత్రాల వ్యాపారం మూడు రూపాల్లో సాగుతుంది. యార్డు వ్యాపారి ఒకచోట కొని, రంగేసి, తన స్థలంలో నిలబెట్టి అమ్ముతాడు. దళారీ దగ్గర సరుకుండదు, సమాచారం ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్లి కమీషను తీసుకుంటాడు. మూడోది వేలం. 2016 నాటి దివాలా చట్టం కింద మూతబడ్డ కంపెనీల ఆస్తులు, బ్యాంకులు జప్తు చేసినవి, ప్రభుత్వ సంస్థలు వదిలించుకునేవి ఆన్‌లైన్‌లో వేలానికి వస్తాయి. 1964లో కోల్‌కతాలో పుట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ ఇలాంటి వేలాలు చాలా నడుపుతుంది. వీటన్నిటిలో మెరుగైనది, నిన్నటిదాకా పనిచేసి ఇంకా పునాది మీద నిలబడి ఉన్న యంత్రం. దాని గొట్టాలు ఎటు వెళ్తున్నాయో, ఏ దుమ్ము పట్టిందో, ఏ ఫ్యాన్ లాగిందో అన్నీ ఎదుటే ఉంటాయి. విప్పేసి యార్డులో పడేసిన పెట్టెకు ఆ చరిత్ర ఉండదు. కొత్త రంగు వేసి ఉంటే అనుమానం రెట్టింపు కావాలి. రంగు తుప్పును దాచేస్తుంది, పోగొట్టదు.

యంత్రం ముందు నిలబడ్డాక మొదట చూడాల్సింది పేరు పలక. తయారీదారు, సంవత్సరం, గాలి పరిమాణం దాని మీద ఉంటాయి. పలక ఊడిపోయి ఉంటే సంచులు లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. 160 మిల్లీమీటర్ల వ్యాసం, మూడు మీటర్ల పొడవున్న సంచికి సుమారు ఒకటిన్నర చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. 200 సంచులైతే 300 చదరపు మీటర్లు. గంటకు 20,000 ఘనపు మీటర్లంటే నిమిషానికి 333. దాన్ని 300తో భాగిస్తే నిమిషానికి 1.1 మీటర్ల వేగంతో గాలి గుడ్డలోంచి దూరుతుంది. గాలి దెబ్బతో దులిపే పల్స్ జెట్ ఫిల్టర్లకు, సన్నని రాతి దుమ్ము విషయంలో, ఈ సంఖ్య ఒకటికి అటూ ఇటూ ఉండటమే క్షేమం. అమ్మేవాళ్లు రెండు దాకా నడుస్తుందంటారు. కొన్ని రోజులు నడుస్తుంది కూడా. ఆ తర్వాత దుమ్ము గుడ్డ లోతుల్లోకి దిగి, ఎంత దులిపినా వదలదు. ఫ్యాన్ రొద పెడుతుంది, మిల్లు దగ్గర దుమ్ము మాత్రం లేస్తూనే ఉంటుంది. చూడటానికి వచ్చిన ప్రతి యంత్రం ముందూ ఈ భాగహారం కాగితం మీద చేయాలి. బేరమంతా దాని తర్వాతే.

పెట్టె గోడలను చిన్న సుత్తితో తట్టాలి. మంచి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. గరాటా అడుగు, మూలలు, తలుపుల చుట్టూ, ఇన్సులేషన్ కింద తట్టడం ముఖ్యం. గంధకమున్న ఇంధనం పొగను పట్టిన పెట్టెల్లో చల్లబడిన చోటల్లా ఆమ్లం బొట్లు కట్టి లోపలినుంచి తినేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. అల్ట్రాసోనిక్ మందం మీటరు అద్దెకు దొరుకుతుంది. ఐదారు చోట్ల పెట్టి చూస్తే సందేహం తీరుతుంది. పాతకాలపు గాస్కెట్లలో, ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తెలియకుండా చీల్చకూడదు.

తర్వాత పై తలుపు తీయించి ట్యూబ్ షీటు చూడాలి. సంచులు వేలాడే చిల్లుల రేకు అది, యంత్రానికి గుండెకాయ. అది వంగినా, చిల్లుల మధ్య వెల్డింగు పగిలినా, మురికి గాలి శుభ్రపు గాలిలోకి దొంగదారిన పోతుంది. కింద లైటు పెట్టి పైనుంచి చూస్తే పగుళ్లు మెరుస్తాయి. చిల్లు వ్యాసాన్ని నాలుగైదు చోట్ల కొలవాలి. స్ప్రింగు రింగుతో బిగుసుకునే సంచికి ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పట్టు కుదరదు. పాత సంచులు ఎంత బాగున్నట్టు కనిపించినా పారేయాల్సిందే. వాటికి ధర కట్టించుకోకూడదు. సంచి లోపలి తీగ పంజరాలను ఒక్కొక్కటిగా దొర్లించి చూడాలి. వంగినది పక్క సంచిని రాసుకుంటుంది, తుప్పుపట్టినది కొత్త గుడ్డను కోస్తుంది. గాలి దెబ్బ కొట్టే గొట్టాల చిల్లులు సంచి నోటికి సరిగ్గా నడిమధ్య ఉండాలి. డయాఫ్రమ్ వాల్వులు, సోలినాయిడ్లు, టైమరు మార్చుకునే ఖర్చు ముందే వేసుకుంటే మంచిది. గరాటా కింద రోటరీ ఎయిర్ లాక్ రెక్కలు అరిగితే, దుమ్ము దిగాల్సిన దారిలోనే బయటి గాలి పైకి దూరుతుంది. ఇది చిన్న భాగం, నిర్లక్ష్యం పాలయ్యేదీ ఇదే.

ఫ్యాన్‌ను విడిగా బేరమాడాలి. వేగం పెంచి సర్దుకుందామనే మాట యార్డుల్లో తేలిగ్గా వినిపిస్తుంది. ఫ్యాన్ వేగాన్ని 20 శాతం పెంచితే గాలి 20 శాతమే పెరుగుతుంది, కరెంటు మాత్రం 73 శాతం పెరుగుతుంది. 20 హార్స్‌పవర్ మోటారు చేసే పనికి 35 కావలసి వస్తుంది. పైగా పాత రెక్కలు ఆ వేగానికి తట్టుకుంటాయో లేదో తెలియదు. ఫ్యాన్ విరిగి ముక్కలు ఎగిరితే ఆ పక్కన మనుషులుంటారు.

పాత యంత్రం లోపల మిగిలిన దుమ్ము గురించి తప్పక అడగాలి. మందుల ఫ్యాక్టరీ ఫిల్టరులో యాంటీబయాటిక్ పొడి, రంగుల ఫ్యాక్టరీ ఫిల్టరులో సీసం, క్రోమియం ఉండవచ్చు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అలాంటి మడ్డిని తొలగించి సరైన చోటికి పంపాల్సింది దాన్ని పుట్టించిన ఫ్యాక్టరీయే. కడిగి శుభ్రం చేసిన ధ్రువపత్రం లేకుండా యంత్రాన్ని కదిలించకూడదు. విప్పే కూలీలకు అది ఏం పొడో తెలియదు, మొదట పీల్చేది మాత్రం వాళ్లే. పిడుగురాళ్ల వైపు కొనేవారికి సిమెంటు, సున్నం, సుద్ద, రాతిపొడి పట్టిన ఫిల్టరు దొరికితే ఈ బెడద తక్కువ. గుణం కూడా తమ దుమ్ముకు దగ్గరగా ఉంటుంది.

ధరకు రెండు హద్దులున్నాయి. కింది హద్దు తుక్కు ధర: కాటా మీద ఎంత తూగితే అంత. పై హద్దు కొత్తదాని ధరలోంచి సంచులు, పంజరాలు, వాల్వులు, విప్పడం, క్రేను, లారీ, పునాది, మళ్లీ బిగింపు అన్నీ తీసేయగా మిగిలేది. ఈ తీసివేత నిజాయితీగా చేస్తే చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి, ఆగాలి కూడా. వేలంలో ఒక అదనపు చిక్కు ఉంది. సరుకు ఉన్నచోట ఉన్నట్టుగా అమ్ముతారు. తర్వాత ఫిర్యాదుకు తావుండదు. ధరావతు కట్టే ముందే, చూసుకోవడానికిచ్చిన రోజున మీటరూ సుత్తీ పట్టుకెళ్లాలి. పాడిన పాట మీద జీఎస్టీ అదనం. గడువులోగా సరుకు ఎత్తకపోతే స్థలం అద్దె కూడా పడుతుంది.

విప్పడం మొదలయ్యే ముందే ప్రతి అతుకు దగ్గరా రెండు వైపులా ఒకే అంకె రంగుతో వేయించాలి. ఫొటోలు తీయాలి, ఎత్తులు కొలిచి గీసుకోవాలి. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఒక్క రోజులో అయిపోతుంది. బోల్టులు విప్పితే ఎక్కువ రోజులు పడుతుంది, కానీ అవతల బిగించేటప్పుడు అంతకు మించిన కాలం కలిసొస్తుంది. ట్యూబ్ షీటును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కోయనివ్వకూడదు, హైడ్రా క్రేను కొక్కేన్ని దాని చిల్లులకు తగిలించనివ్వకూడదు.

రవాణాలో వెడల్పే సమస్య. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. మామూలు సరుకుకు దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. లారీ కొలతలు మించిన సరుకుకైతే ప్రతి 20 కిలోమీటర్లకు ఒక రోజు. దానికి వేరే అనుమతి, వేరే బండి కావాలి. జీడిమెట్ల నుంచి పిడుగురాళ్లకు పెట్టెను ఒకే ముక్కగా తీసుకురావాలని పట్టుబట్టే బదులు, గరాటా, నడిమి పెట్టె, పై తల మూడుగా విప్పి మామూలు లారీల్లో తెస్తే వాడపల్లి వంతెన దగ్గర ఆగాల్సిన పని ఉండదు.

మిల్లు దగ్గర పునాది, నిలువు స్తంభాలు కొత్తవే వేయాలి. పెట్టె బరువుతోపాటు గరాటా నిండినప్పటి దుమ్ము బరువునూ గాలివాన తోపునూ లెక్కలో వేసుకోవాలి. గొట్టాల్లో గాలి సెకనుకు 18 మీటర్లకు తగ్గకుండా నడవాలి. నెమ్మదిస్తే రాతిపొడి దారిలోనే పడి గొట్టం పూడుకుపోతుంది. గంటకు 20,000 ఘనపు మీటర్లకు ఆ వేగం కావాలంటే గొట్టం వ్యాసం 63 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. పాత ఫ్యాక్టరీ గొట్టాలు ఈ కొలతకు కుదరడం అరుదు. వాటికి డబ్బు పెట్టకపోవడమే మంచిది. పొగగొట్టానికి నమూనా తీసే రంధ్రం, నిలబడే వేదిక, నిచ్చెన మొదటే పెట్టించాలి. అవి లేక పరీక్ష చేయలేకపోయిన మిల్లులున్నాయి. వేరే ప్రత్యేక ప్రమాణం లేని చోట దుమ్ముకు సాధారణ పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు. మంచి బ్యాగ్ ఫిల్టరు, కొత్త సంచులతో, దానికి ఎంతో దిగువనే ఉండగలదు.

కొత్త సంచులు తొడిగాక నేరుగా మిల్లు నడపకూడదు. ముందు కాస్త ముతక, పొడి రాతిపొడిని నెమ్మదిగా ఎగరేసి గుడ్డ మీద పలుచని పూత కట్టనివ్వాలి. ఆ పూతే తర్వాతి సన్నని దుమ్మును ఆపుతుంది. ఈ పని పూర్తయ్యేదాకా దులిపే గాలి ఆపి ఉంచాలి. ఆ తర్వాత మెరిసే పొడిని గాలిలో కలిపి, రాత్రిపూట పై తలుపు తీసి అతినీలలోహిత దీపంతో చూస్తే ఎక్కడ కారుతోందో పచ్చగా వెలుగుతుంది. కారే చోటును బిగించి మళ్లీ చూడాలి. దులిపే గాలిలో నీరుండకూడదు కాబట్టి కంప్రెసరు దగ్గర డ్రయరు అవసరం. వానాకాలంలో దాని విలువ తెలుస్తుంది.

ఫిల్టరుకు రెండు వైపులా ఒత్తిడి తేడా చూపే మానోమీటరు తప్పక పెట్టాలి. నీటి మట్టంలో 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య నిలకడగా ఉంటే అంతా సవ్యం. రోజురోజుకూ ఎక్కుతూ పోతే గుడ్డ మూసుకుపోతోంది. ఒక్కసారిగా పడిపోతే ఎక్కడో సంచి చిరిగింది. మొదటి నెల ప్రతి షిఫ్టులో ఈ అంకెను పుస్తకంలో రాయాలి. రాసే పని మిల్లు నడిపే మనిషికే అప్పగించాలి, ఎందుకంటే ఆ గాలి పీల్చేది అతనే. రోటరీ ఎయిర్ లాక్ కింద కట్టిన గోతంలోకి దిగే పొడి సరుకే. నిన్నటిదాకా రేకుల మీదా ఆకుల మీదా పడిన ఆ తెల్లని పొడి ఇప్పుడు కాటా ఎక్కి, మూటకట్టి, మిగతా ముగ్గుతోపాటు అమ్మకానికి వెళ్తుంది.